సమాధానం: పొద్దున్నే ఇంటర్‌లాక్ కారు స్టార్ట్ కానివ్వకపోతే

మీ తమ్ముడు రాత్రి 11కే తాగడం ఆపేశాడు, పొద్దున 7కి ఊదితే ఇంటర్‌లాక్ (ఊపిరిలో మద్యం ఉంటే కారు స్టార్ట్ కానివ్వని మిషన్) ఫెయిల్ చూపించింది, మిషన్ పాడైందా అని అడిగారు. మిషన్ తప్పు కాకపోవచ్చండీ. లెక్క చూడండి. రక్తంలో మద్యం గంటకు సుమారు 0.015 శాతం చొప్పునే దిగుతుంది. 11కి 0.16 శాతం ఉంటే, 8 గంటల తర్వాత కూడా 0.04 మిగులుతుంది. నిద్ర, కాఫీ, చన్నీళ్ల స్నానం, ఏవీ దాన్ని తొందరపెట్టలేవు.

మౌత్‌వాష్ వాడాడేమో కూడా కనుక్కోండి. అందులో ఆల్కహాల్ ఉంటే నోట్లో ఆవిరి మిగిలి రీడింగ్ ఎగబాకుతుంది. నీళ్లతో పుక్కిలించి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదితే తేలిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే అది రాత్రిదే.

వాడి బదులు మీరు మాత్రం ఊదకండి, దయచేసి. ప్రతి ప్రయత్నం రికార్డవుతుంది, చాలా మిషన్లకు కెమెరా ఉంటుంది. మీ తమ్ముడి ఇంటర్‌లాక్‌ను పర్యవేక్షించే అధికారికి ఈ రోజే మీరే ఫోన్ చేసి జరిగింది చెప్పండి.

ఇంకోటి. అమెరికాలోని సౌత్ డకోటాలో తాగి బండి నడిపి పట్టుబడినవాళ్ల కోసం 2005లో మొదలైన ‘24/7’ అనే కార్యక్రమంలో రోజుకు రెండుసార్లు ఊదాలి, ఫెయిలైతే వెంటనే ఒకట్రెండు రాత్రులు లాకప్పు. శిక్ష చిన్నదే, కానీ తప్పదు. అందుకే అది పనిచేసిందని నా నమ్మకం. మీ దగ్గర అలాంటిది ఉంటే తమ్ముణ్ణి చేర్పించండి. మా అన్నయ్య తన ఇంటర్‌లాక్‌లో ఎర్ర లైటు చూసి స్టీరింగ్ మీద తల వాల్చేసిన పొద్దు నాకింకా గుర్తే. ఆ రోజు బస్సెక్కించి పంపాను. మీరూ అదే చేయండి.