మూడు పాత జీపులు కలిపి ఒక్కటి చేయొచ్చా?

మీ దగ్గర ఇలాంటి మూడు ఉన్నాయనుకుందాం: ఆర్‌సీ ఉండి బాడీ తుప్పుపట్టిన సీజే-3బీ (పాత విల్లీస్/మహీంద్రా జీపు మోడల్), కాగితాల్లేకపోయినా ఇంజన్ బాగున్న డిస్పోజల్ జీపు (సైన్యం వేలంలో అమ్మేసినది), యాక్సిళ్ల కోసం తుక్కు రేటుకి తెచ్చిన ఇంకోటి. చేయొచ్చండి. కాకపోతే ఆర్‌సీ ఉన్న దాని ఛాసిస్సే (బండి అడుగు చట్రం) బేస్ కావాలి, అది ఎంత వికారంగా ఉన్నా సరే. ఛాసిస్ నంబరున్న ముక్క కోసి మంచి ఛాసిస్‌కి అతికిస్తామని చెప్పే మెకానిక్‌లు ఉంటారు. అది నేరం, ఒప్పుకోకండి.

ఇంజన్ మారిస్తే ఆర్‌టీవో అనుమతి తీసుకుని కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. దానికి కొన్న బిల్లో, వేలం కాగితమో కావాలి. అవి లేకపోతే, రెండూ ఒకే రకం హరికేన్ ఇంజన్లయితే (ఈ జీపుల్లో వచ్చే పెట్రోలు ఇంజన్), మీ పాత బ్లాకునే (ఇంజన్ నంబరు ఉండేది దాని మీదే) బోరు చేయించి అందులోకి రెండో ఇంజన్ క్రాంక్, హెడ్ వేసుకోండి. మెయిన్ బేరింగ్ క్యాపులు మాత్రం ఏ బ్లాకువి ఆ బ్లాకుకే. అవి బ్లాకుతో కలిపి బోరు చేసినవి. మారిస్తే క్రాంక్ బిగుసుకుపోతుంది. బండికి 50 ఏళ్లు దాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉంటే ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు, ముందే తేల్చుకోండి.

ఛాసిస్ విప్పాక సమంగా ఉన్న గచ్చు మీద స్టాండ్లపై నిలబెట్టి, నాలుగు కమాన్ హ్యాంగర్ల (కమాను పట్టీలు తగిలించే చోట్లు) నుంచి తూకం గుండు వదిలి నేల మీద సుద్దతో గుర్తులు పెట్టండి. ఎదురు మూలల మధ్య ఐమూలగా కొలవండి. రెండు కొలతల తేడా 5–6 మి.మీ. దాటితే ముందు ఛాసిస్ సరిచేయించాలి. లేకపోతే బండి ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. వెనక క్రాస్ మెంబర్‌ని చిన్న సుత్తితో తట్టండి: ఖంగుమంటే ఇనుము ఉన్నట్టు, బొదబొదమంటే లోపల తుప్పు పొరలే.

అందరూ దెబ్బతినేది యాక్సిళ్ల దగ్గర. విల్లీస్ కుటుంబం జీపుల్లో యాక్సిల్ గేర్లకి 5.38 రేషియో (43 పళ్లకి 8), 4.88 రేషియో (39కి 8) రెండూ దొరుకుతాయి. ముందు ఒకటి, వెనక ఒకటి పడితే రెండిటికీ పది శాతం తేడా. మామూలుగా నడిపితే తెలియదు. ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద పోనిచ్చిన రోజు ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె), షాఫ్టుల జాయింట్ క్రాసులు పోతాయి. తెలుసుకోవడం తేలిక: గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చక్రమే జాకీ మీద లేపి, దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కి వచ్చే పొడవాటి కడ్డీ) అయిదుంపావు చుట్లు దాటి తిరిగితే 5.38; అయిదుకి కాస్త తక్కువ తిరిగితే 4.88. ముందూ వెనకా రెండూ చూడండి. క్రౌన్, పినియన్ (యాక్సిల్ లోపలి పెద్ద, చిన్న గేర్లు) జంటగానే తీసుకోవాలి, ఒకదానిది ఇంకోదానికి వేస్తే ఎన్ని షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) పెట్టినా గోల ఆగదు.

కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకి తిరిగే ఇరుసు) బేరింగులకి షిమ్ములు కట్టేటప్పుడు ఆయిల్ సీల్ లేకుండా, టై రాడ్ రంధ్రం దగ్గర స్ప్రింగ్ త్రాసుతో లాగండి. బండి మాన్యువల్‌లో ఉన్న బరువుకి నకిల్ (చక్రాన్ని తిప్పే ముక్క) కదలాలి. వదులైతే స్టీరింగ్ వణుకుడు ఖాయం. పాత విల్లీస్‌లో ఎడమ చక్రాల నట్లకి తిరగమర ఉంటుంది, తెలియక బలంగా తిప్పి స్టడ్లు విరగ్గొట్టుకుంటారు.

పెట్రోలు జీపుకి డీజిల్ ఇంజన్ పెట్టాలని చూస్తే బెల్ హౌసింగ్ (ఇంజన్‌నీ గేర్ బాక్స్‌నీ కలిపే డొప్ప) కలవదు. అప్పుడు ఇంజన్, ఫ్లైవీల్, క్లచ్, గేర్ బాక్స్, స్టార్టర్ మొత్తం ఒకే బండి నుంచి రావాలి.

బాడీ చివర్లో. టింకరింగుకి ముందే బాడీని ఛాసిస్ మీద బోల్టులతో బిగించి తలుపు సందులు చూసుకోండి, విడిగా వెల్డింగ్ చేస్తే వంకర తిరుగుతుంది. మిగిలిన గేర్ బాక్సు, యాక్సిళ్లు బండి వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా అమ్మకండి.