అప్రెంటిస్‌ని పెట్టుకుంటే పర్మినెంట్ చెయ్యాలా?

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు మెషిన్ షాపు ఉంది. 22 మంది పనిచేస్తున్నారు. ఐటీఐ పూర్తయిన ముగ్గురు టర్నర్ కుర్రాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుందామంటే మా అన్నయ్య ఒప్పుకోవడం లేదు. పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టాలి, ఏడాది తిరిగాక పర్మినెంట్ చెయ్యాలి అని టెన్షన్ పెడుతున్నాడు. నిజమేనా?
– ఓ యజమాని, విజయవాడ

జవాబు: మీ అన్నయ్యగారి భయం కొత్తది కాదండీ. నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చెప్పే రోజుల్లో పిల్లల కోసం షాపులకు వెళితే యజమానులు ముందు అడిగేది ఇదే. 1961 అప్రెంటిస్ చట్టం కింద కాంట్రాక్టు రిజిస్టరైతే ఆ కుర్రాడు ట్రైనీయే, వర్కర్ కాడు. అతనికి పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవు. ఉద్యోగం ఇస్తామని కాంట్రాక్టులో మీరే రాస్తే తప్ప ఇచ్చి తీరాలన్న నిబంధన కూడా లేదు. రాశారంటే మాత్రం మాట తప్పడానికి లేదు.

30 మంది, ఆపైన ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. మీలాగా 4 నుంచి 29 మంది ఉన్నవాళ్లకు అది ఇష్టం. సిబ్బందిలో 15 శాతం దాటకూడదు కాబట్టి మీకు ముగ్గురు సరిపోతారు. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా, కేంద్రం నేరుగా కుర్రాడి ఖాతాలో వేస్తుంది.

మీ అన్నయ్యగారు అసలు భయపడాల్సిన సంగతి వేరే ఉంది. ఈఎస్‌ఐ లేదంటే మిగులని సంతోషించకండి. లేత్ మీద చెయ్యి నలిగితే నష్టపరిహారం చట్టప్రకారం మీరే ఇవ్వాలి, ఆదుకోవడానికి ఈఎస్‌ఐ ఉండదు. కుర్రాళ్లు చేరేలోపే ఇన్సూరెన్స్ పాలసీ తీసుకోండి. చక్ (పనిముక్కను పట్టి ఉంచే భాగం) బిగించే తాళం తియ్యకుండా మెషిన్ ఆన్ చేసే వయసు వాళ్లది!

ప్రశ్న: ఐటీఐ ఫిట్టర్ పాసై ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరాను. ప్యాకింగ్, లోడింగ్ తప్ప ఇంతవరకూ ఫైల్ (ఆకురాయి) పట్టుకున్నది లేదు. డబ్బులు పీసుకు ఇంతని ఇస్తున్నారు. రాత్రిళ్లు ఓవర్‌టైం. ఈ సర్టిఫికెట్ రైల్వేలో పనికొస్తుందా?
– ఓ ట్రైనీ, అనకాపల్లి

జవాబు: బాబూ, సర్టిఫికెట్ సంగతి తర్వాత. ముందు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నీ లాగిన్ తెరిచి నీ పేరు మీద కాంట్రాక్టు ఉందో లేదో చూడు. నువ్వు రాసిన తీరు చూస్తే ఉండదనే నా అనుమానం. అది లేకపోతే పరీక్షా లేదు, జాతీయ సర్టిఫికెట్టూ లేదు. అలాగని వాళ్లకేమీ లాభం లేదు. కాంట్రాక్టు లేనివాణ్ణి అప్రెంటిస్ అనడానికి వీల్లేదు గనుక, కనీస వేతనం, పీఎఫ్ కోసం నువ్వు లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చు.

కాంట్రాక్టు ఉందనుకుందాం. అప్పుడు పీసు లెక్కన చెల్లించడం చట్టవిరుద్ధం. అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. నీ ట్రేడ్ పని నేర్పించడం వాళ్ల బాధ్యత. గొడవ తేల్చేది కూడా ఆ అడ్వైజరే. దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌ని కలువు, ఎవరికి రాయాలో చెబుతారు. కోపం వచ్చి చెప్పాపెట్టకుండా మానెయ్యకు. తప్పు నీదని తేలితే శిక్షణ ఖర్చు కట్టమంటారు. రోజూ ఏ పని చేయించారో తేదీలతో ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకో.

ఇక రైల్వే. లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో 20 శాతం కోటా ఉన్న మాట నిజమే, కానీ అది రైల్వే సంస్థల్లోనే అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు. బయట చేసినదానికి వర్తించదు. శిక్షణ పొందిన సంస్థలోనే ఉద్యోగాలు పడితే మాత్రం, మిగతావన్నీ సమానంగా ఉన్నప్పుడు అప్రెంటిస్‌కి ప్రాధాన్యం ఇవ్వాలని యూపీ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది.