పర్యావరణమా, సరంజామానా?

సందేహం: మా ఊరి గ్రంథాలయానికి స్టాటిక్ వెబ్‌సైట్ చేస్తున్నాం. పిల్లలకు సూచనలు రాసి, "స్థిర జాలస్థలి అభివృద్ధి పర్యావరణమును నెలకొల్పుట మరియు నిర్వహించుట" అని పేరు పెట్టాను. ఇది మొక్కలు నాటే కార్యక్రమమా అని ఒక పాప అడిగింది. ఏది సరైన తెలుగు?
– ఒక పాఠకుడు, పొందూరు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: ఆ పాప అడిగింది న్యాయమే. పరి, ఆవరణం కలిసి పర్యావరణం అయింది. చుట్టూ ఆవరించినది అని అర్థం కాబట్టి వ్యుత్పత్తి ప్రకారం మీ మాట తప్పు కాదు. కానీ తెలుగులో అది గాలికీ నీటికీ అడవికీ స్థిరపడిపోయింది. వ్యుత్పత్తికీ వాడుకకూ పేచీ వస్తే నేను వాడుక పక్షమే. గిడుగు రామమూర్తి గారు పుట్టిన గడ్డ మీద ఉండి ఇంకోలా చెప్పలేను.

ఇంతకీ ఇంగ్లీషులోని డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌కి బదులుగా ఆ మాటతో మీరు చెప్పదలచుకున్నవి ఏమిటి? రాసుకోవడానికి ఎడిటర్, చేసిన మార్పులన్నీ భద్రపరిచే గిట్, మార్క్‌డౌన్‌లో, అంటే తేలికైన గుర్తులతో, రాసినదాన్ని బ్రౌజర్ చూపించగల హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చే హ్యూగో లేదా జెకిల్, లోకానికి చూపించే ముందు మనం చూసుకోవడానికి సొంత కంప్యూటర్లోనే నడిచే సర్వర్. మీ పొందూరులో పత్తి శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ, వడకడానికి రాట్నం, నేయడానికి మగ్గం ఉన్నాయి కదా. ఇలాంటివన్నీ కలిపి సరంజామా అంటాం. పారసీకం నుంచి వచ్చినా అది ఇప్పుడు మన ఇంటి మాటే. ఎన్విరాన్‌మెంట్‌కి ఇక్కడ అదే సరిపోతుంది.

'స్థిర' అంటే మారనిది అనుకుంటారు. ఈ సైటునేమో రోజూ మార్చుకోవచ్చు. ఎవరో అడిగినప్పుడు అప్పటికప్పుడు పేజీ తయారుచేయకుండా, ముందే చేసి పెట్టినదాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వడమే స్టాటిక్. ఆ అర్థం 'స్థిర'లో రాదు. స్టాటిక్ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో విడమర్చండి.

నెలకొల్పడం బడికీ సంస్థకీ చెల్లుతుంది. సరంజామాను అమర్చుకుంటాం. 'మరియు' తీసేయండి, కామా చాలు.

'నిర్వహించుట' దగ్గర కాస్త ఆగాలి. నిర్వహణ అంటే సభో ఆఫీసో నడపడం గుర్తొస్తుంది. ఇక్కడి పని వేరు. ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షనో రాసిపెట్టుకోవాలి, అప్‌డేట్ చేసేముందు విడిగా పరీక్షించాలి. లేకపోతే మీ దగ్గర బిల్డ్ అయిన, అంటే పేజీలుగా తయారైన, సైటు విజయనగరంలో మీ మిత్రుడి కంప్యూటర్లో మొరాయించవచ్చు. దీన్ని మరమ్మతు అనీ అనలేం, అది చెడిపోయాక చేసేది. చెడకముందు రైతు చెరువుగట్టును చూసుకుంటాడు. ఆ 'చూసుకోవడమే' మీకు కావలసిన మాట.

కాబట్టి ఇలా పెట్టండి: "స్టాటిక్ వెబ్‌సైట్ సరంజామా: అమర్చుకోవడం, చూసుకోవడం".

లోపల ఎక్కడైనా బిల్డ్‌ని 'నిర్మాణం' చేసి ఉంటే మళ్లీ బిల్డ్ అనే రాయండి. జెకిల్‌తో చేసేటప్పుడు పిల్లలు టైప్ చేయాల్సిన ఆదేశంలో ఉన్నది ఆ మాటే.