డిపాజిట్ కట్టడానికి పర్సనల్ లోన్ ఏంటండీ?

ప్రశ్న: మాది హైదరాబాద్ నిజాంపేటలో సొంత ఫ్లాట్, నెలకు 36 వేల ఈఎంఐ. నా జీతం చేతికి 95 వేలు. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, 28 వేలు. అన్ని ఖర్చులూ పోను నెలకు 20 వేలు మిగులుతుంది, బ్యాంకులో 1.6 లక్షలు ఉన్నాయి. బెంగళూరు కంపెనీ ఒకటి చేతికి 1.32 లక్షల జీతం, 2 లక్షల జాయినింగ్ బోనస్ ఇస్తానంటోంది. సెప్టెంబరులో చేరాలి. అక్కడ అద్దె 34 వేలు, డిపాజిట్ 2 లక్షలు. పాప స్కూల్ అడ్మిషన్‌కు 1.2 లక్షలు, సామాను తరలింపు వగైరాకు 80 వేలు. ఇక్కడి ఫ్లాట్ అద్దెకిస్తే 17 వేలు వస్తాయి. 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, అమ్మతో సహా అందరం వెళ్లిపోయి, బోనస్ రాగానే సగం తీర్చేద్దామనుకుంటున్నాను. పీఎఫ్ కూడా తీసేయనా?

జవాబు: జీతం 37 వేలు పెరుగుతోందని మీరనుకుంటున్నారు. ఇంటికి పెరిగేది 9 వేలే. మీ ఆవిడ ఉద్యోగం మానేస్తే పోయే 28 వేలు ఎవరు తీసేస్తారు ఆ లెక్కలోంచి? ఈ తప్పు మీ ఒక్కరిదే కాదు, ఊరు మారేవాళ్లలో నూటికి తొంభై మంది ఆఫర్ లెటర్‌లో ఆఖరి అంకె చూసి సామాను కట్టేస్తారు, అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

మిగతాది కూడా చూడండి. అక్కడ కట్టే అద్దె 34 వేలు, ఇక్కడ వచ్చేది 17 వేలు, అంటే నెలకు 17 వేలు అదనపు ఖర్చు, అదీ మీ ఫ్లాట్ ఒక్క నెల కూడా ఖాళీగా లేకపోతే. 4 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 13,700. ఇప్పుడు మిగులుతున్న 20 వేలకు ఆ 9 వేలు కలిపి, 17 వేలు తీసేసి, 13,700 తీసేయండి. నెలకు 1,700 తక్కువ పడుతోంది. హైదరాబాద్‌లో 20 వేలు మిగిల్చే మనిషి, ప్రమోషన్ లాంటి ఆఫర్‌తో బెంగళూరు వెళ్లి అప్పుల్లో పడడం!

ఇంతకీ నన్ను భయపెట్టేది ఈ 1,700 కాదు. ఎమర్జెన్సీ ఫండ్ ఏదీ? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. బెంగళూరు వెళ్లాక రెండు ఈఎంఐలు, అద్దె, తిండి, అమ్మగారి మందులు కలిపితే తప్పనిసరి ఖర్చే నెలకు లక్ష దాటుతుంది. చేతిలో ఉన్న 1.6 లక్షలు నెలన్నర కూడా రావు. పైగా ఉద్యోగానికి అన్నింటికంటే భరోసా తక్కువగా ఉండే సమయం ఏదంటే కొత్త కంపెనీలో ప్రొబేషన్ కాలమే. సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే మీరు ఇంట్లో రెండో జీతం ఆపేసి, ఉన్న డబ్బు ఊడ్చేసి, కొత్త అప్పు నెత్తిన పెట్టుకుంటున్నారు.

నా దగ్గరకు వచ్చిన ఒకాయన అచ్చం ఇలాగే బెంగళూరు మారతహళ్లిలో దిగాడు. ఐదో నెలలో టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఇల్లు ఖాళీ చేద్దామంటే అగ్రిమెంట్ 11 నెలలకు ఉంది, ఓనర్ పెన్సిల్ పట్టుకుని గోడ మీద మేకుల రంధ్రాలు లెక్కపెట్టి, పెయింటింగ్ కింద ఒక నెల అద్దె కోసుకుని, మిగతా డిపాజిట్ కొత్త అద్దెదారు వచ్చాక ఇస్తానన్నాడు. (మోడల్ టెనెన్సీ చట్టంలో ఇళ్లకు డిపాజిట్ రెండు నెలల అద్దె మించకూడదని 2021లో రాసుకున్నారు, అది కేంద్రం ఇచ్చిన నమూనా మాత్రమే, మారతహళ్లి ఓనర్‌కు చదివి వినిపించి చూడండి.) ఆయన లోన్ ఈఎంఐ కట్టడానికి క్రెడిట్ కార్డు గీకాడు. కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం. ఆ ముడి విప్పడానికి మాకు రెండేళ్లు పట్టింది.

జాయినింగ్ బోనస్‌తో తీర్చేస్తానంటున్నారు. ఆ బోనస్ సాధారణంగా ఏడాది పూర్తయ్యేదాకా మీది కాదండీ. ముందే మానేస్తే వెనక్కి కట్టాలని ఆఫర్ లెటర్‌లోనే ఉంటుంది, చదవండి. పన్ను పోను మీ చేతికి లక్షన్నర వస్తే, కొన్ని కంపెనీలు వెనక్కి అడిగేటప్పుడు మొత్తం 2 లక్షలూ అడుగుతాయి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడేసి మర్చిపోండి. పీఎఫ్ జోలికి అసలు వెళ్లకండి, యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) అదే కాబట్టి కొత్త ఖాతాకు బదిలీ చేసుకోండి.

ఆఫర్ వదులుకోమని అనడం లేదు. మీరొక్కరే వెళ్లండి. పీజీ హాస్టల్‌కు, వారాంతపు బస్సులకు (సంక్రాంతి టికెట్ ధర చూస్తే గుండె ఆగుతుంది, ముందే బుక్ చేసుకోండి) కలిపి 23 వేలు అనుకున్నా, మీ ఆవిడ జీతం నిలబడితే నెలకు 34 వేలు మిగులుతుంది. పాప స్కూల్ ఏప్రిల్‌లో ముగిసేదాకా ఎనిమిది నెలలు, అంటే 2.7 లక్షలు. ఉన్న 1.6 లక్షలు, బోనస్ లక్షన్నర కలిపితే 5.8 లక్షలు. పసిపిల్లను వదిలి ఉండడం కష్టమే, తెలుసు. నేనూ అలా ఏడాది ఉన్నాను.

ఏప్రిల్‌లో ఆ 4 లక్షల ఖర్చూ పెట్టుకుంటే మిగిలేది 1.8 లక్షలే, అందులో బోనస్ డబ్బుకు ఇంకా ఏడాది గడువు తీరలేదు. అప్పు ఉండదు, ప్రొబేషన్ దాటి ఉంటుంది, నిజమే, కానీ నాకది చాలదు. నాలుగు నెలల ఖర్చు పక్కన లేకుండా కుటుంబాన్ని కదపకండి. ఈ గండం దాటడానికి మీ దగ్గరే ఒక దారి ఉంది. మీ ఆవిడ టీచర్. ఈ ఎనిమిది నెలల్లో ఆవిడను బెంగళూరు స్కూళ్లకు అప్లై చేయమనండి. చాలా ప్రైవేటు స్కూళ్లు సిబ్బంది పిల్లలకు ఫీజులో రాయితీ ఇస్తాయి, కాబట్టి ఆవిడకు అక్కడ ఉద్యోగం దొరికితే రెండో జీతమూ వస్తుంది, పాప అడ్మిషన్ ఖర్చూ తగ్గుతుంది. అప్పుడు లారీ పిలవండి. తరలింపు ఖర్చు ఇమ్మని హెచ్‌ఆర్‌ను ఈ వారమే అడగండి, సంతకం పెట్టాక అడిగితే నవ్వుతారు. కారు ఉంటే ఇక్కడే ఉంచండి, అక్కడ 12 నెలలు దాటితే కర్ణాటక రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ మీద పడతాయి.

ఇంకొకటి. అమ్మగారికి ఇప్పుడు మీ కంపెనీ పాలసీలోనే కవర్ ఉండి ఉంటే, అది మీ చివరి పనిదినంతో ఆగిపోతుంది, కొత్త కంపెనీ తల్లిదండ్రులకు ఇస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. అదే ఇన్సూరెన్స్ సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు కవర్ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) వృథా పోదు, ఆ దరఖాస్తు నోటీస్ పీరియడ్ మొదట్లోనే పెట్టాలి. అమ్మగారికి షుగరో బీపీయో ఉంటే ఫారంలో దాచకండి, ఏజెంట్ "అవసరం లేదు సార్" అన్నా సరే.