ఫ్యాన్ ఆగితే మెలకువ వచ్చినట్టు

తమ్ముడూ,

బీపీని ఒళ్ళు ఎలా సర్దుకుంటుందో రాసిన నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో మెదడుని మహారాజుని చేశావు, రెండో పేరాలో సేనాపతిని చేశావు, నాలుగో పేరాకి వచ్చేసరికి అది ట్రాఫిక్ పోలీసైంది. ఇంతా చేసి బీపీ పడిపోతే ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో తేల్చేశావు. అసలు కథంతా అక్కడే ఉంది కదా!

మొన్న పొద్దున మల్లెకుండీల దగ్గర గొంతుక్కూర్చుని కలుపు తీసి గభాల్న లేచాను. కళ్ళు బైర్లు కమ్మాయి, పిట్టగోడ పట్టుకున్నాను, ఐదారు సెకన్లలో అంతా మామూలే. నీ వ్యాసం ఇలాంటి చోట మొదలుపెట్టు. లేచి నిలబడగానే అర లీటరు దాకా రక్తం కాళ్ళలోకీ పొట్టలోకీ జారుతుంది, గుండెకి తిరిగొచ్చేది తగ్గుతుంది, బీపీ పడుతుంది. మెడలో, తలకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని రెండుగా చీలే చోటా, గుండె పైన బృహద్ధమని వంపులోనూ, రక్తనాళం గోడ ఎంత సాగుతోందో కనిపెట్టే నాడీ కొసలుంటాయి.

సరిగ్గా ఇక్కడే తప్పులో కాలేశావు. బీపీ పడగానే అవి మెదడుకి కేకలు పెడతాయని రాశావు (నేనూ మొదట్లో ఇలాగే రాసి, ఫిజియాలజీ చెప్పే ఒక మేడం చేత చివాట్లు తిన్నాను). కేకలు కాదు, అవి నోరు తగ్గిస్తాయి. మామూలుగా వాగుతూనే ఉంటాయి, గోడ సాగడం తగ్గితే వాగుడూ తగ్గుతుంది. రాత్రి కరెంటు పోయి ఫ్యాన్ చప్పుడు ఆగితే మనకి మెలకువ వస్తుంది చూడు, అలాగ. దాన్ని పసిగట్టేది మెదడు అడుగున ఉండే మెడుల్లా. ఆలోచించే పైమెదడు ఇందులో వేలు పెట్టక్కర్లేదు.

తర్వాత బ్రేకు సంగతి. నాడుల అదుపు లేకపోతే గుండె నిమిషానికి దాదాపు 100 సార్లు కొట్టుకుంటుంది. ఊరికే కూర్చున్నప్పుడు 70 దగ్గర ఉందంటే వేగస్ నాడి బ్రేకు మీద కాలు పెట్టి ఉంచిందన్నమాట. మెడుల్లా ముందు ఆ కాలు తీయిస్తుంది, ఒకటి రెండు స్పందనల్లోనే వేగం అందుకుంటుంది. రక్తనాళాల్ని బిగించే సింపథటిక్ నాడుల పని మాత్రం కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది, నేను పిట్టగోడ పట్టుకున్నది ఆ సందులోనే. నువ్వేమో రెండూ ఒకేసారి జరిగినట్టు ఒకే వాక్యంలో కుక్కేశావు. విడగొట్టు.

ఈ నాడీ కొసల మీద పనిచేసిన బెల్జియం శాస్త్రవేత్త హేమాన్స్ పేరు ఉంచు. కానీ 1938 నోబెల్ ఆయనకి బీపీ మీద కాదు, ఈ చోట్లే శ్వాసని ఎలా అదుపు చేస్తాయో కనుక్కున్నందుకు.

రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళ సంగతి ఇందులో ఇరికించకు. అక్కడ వేగస్ బ్రేకు వదలాల్సింది పోయి ఇంకా గట్టిగా తొక్కుతుంది, అది వేరే వ్యాసం. ముందు దీన్ని తిరగరాసి ఆదివారం లోపు పంపు.