అన్నయ్యకు మీరే చెప్పండి

మినియాపొలిస్ దగ్గర ఉంటున్న ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. సొంతూరు తెనాలి పక్కన పల్లె, 1991లో అమెరికా వెళ్లారు. కొడుకు లాయరు, ముప్పై దాటాయి. తాను గేనని నాలుగేళ్ల కిందట ఇంట్లో చెప్పాడు, ఇప్పుడు తన భాగస్వామితో కలిసి ఉంటున్నాడు. ఈసారి మినసోటా ప్రతినిధుల సభకు పోటీ చేస్తాడట. తాను గేనన్న సంగతి ఎన్నికల కరపత్రంలోనే వేస్తానని, అందులో ఇంటిల్లిపాది ఫోటో ఉండాలని, అమ్మానాన్నలను రమ్మని అడిగాడు. "ముందు గెలవనీ, తర్వాత చెప్పుకోవచ్చు అని వాడికి ఎలా నచ్చజెప్పాలి? నన్ను చదివించడానికి పొలం అమ్మిన అన్నయ్య ఊళ్లో తలెత్తుకోలేడు. అమ్మాయి పెళ్లి కూడా ఉంది" అని అడిగారు.

మీ ప్రశ్నకు జవాబు మీ రాష్ట్రంలోనే ఉందండీ. అలన్ స్పియర్ అని మినసోటా యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసరు ఒకాయన ఉండేవారు. 1972లో స్టేట్ సెనేట్‌కు గెలిచినప్పుడు ఆయన తాను గేనన్న సంగతి బయటికి చెప్పలేదు, అచ్చం మీరు కోరుతున్నట్టే. రెండేళ్లు అలా గడిపి, 1974 డిసెంబరులో పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చి చెప్పేశారు. దానికి నెల ముందే మసాచుసెట్స్‌లో ఎలెయిన్ నోబుల్ అనే ఆవిడ తాను లెస్బియన్‌నని ముందే చెప్పి, బెదిరింపులు పడి, ప్రతినిధుల సభకు గెలిచింది. చెప్పాక స్పియర్ రాజకీయం ముగిసిపోయిందా? 1976లో మళ్లీ గెలిచారు, ఆ తర్వాత ప్రతిసారీ గెలిచారు, 2000లో తనంతట తాను పోటీ నుంచి తప్పుకునేదాకా సెనేట్‌లోనే ఉన్నారు, 1993 నుంచి ఆ సభకే అధ్యక్షుడు. గే అన్న కారణంతో ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, ఇల్లు అద్దెకు ఇవ్వననకూడదు అనే చట్టం కోసం ఆయన 1970లలో బిల్లు పెట్టించి ఓడిపోయారు, మళ్లీ మళ్లీ ప్రయత్నించి 1993లో నెగ్గించారు. అప్పటికి మీరు అక్కడే ఉన్నారు, మీ అబ్బాయి పసిపిల్లాడు. ఈ రోజు వాడి ఉద్యోగానికి ఉన్న రక్షణ వాడు నడవడం నేర్చుకునే రోజుల్లో ఒక మనిషి సభలో నిలబడి, నేను గేని, ఇది వయసులో వచ్చి పోయేది కాదు అని అందరి ముందూ చెప్పి సంపాదించింది. కారెన్ క్లార్క్ అనే ఆవిడ అయితే 1980లో మొదటి ఎన్నికకే తాను లెస్బియన్‌నని చెప్పి గెలిచి, ముప్పై ఎనిమిదేళ్లు మీ ప్రతినిధుల సభలోనే కూర్చున్నారు.

కాబట్టి గెలుపు సంగతి మీరు వదిలేయండి. అది ఓటర్లు చూసుకుంటారు. దాచి గెలవమని మీరంటున్నారు, రేపు ఎదుటి పార్టీవాడెవడో అది బయటపెడితే అప్పుడు మీవాడు గే అన్నది కాదు, అబద్ధం చెప్పాడన్నది నిలబడుతుంది. ఆ లాయరుకు ఇది తెలియదని మీరెలా అనుకున్నారు?

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో కొడుకు కన్నా అన్నయ్యే ఎక్కువసార్లు వచ్చారు. అన్నయ్య ఏమంటారో పేరా పేరా రాశారు. ఏమన్నారో ఒక్క ముక్క లేదు, ఎందుకంటే ఆయనకు మీరసలు చెప్పనే లేదు. పైగా మీ వదినగారు అక్కడ మీవాడికి సంబంధాలు చూస్తూ, ఫోటోలూ జాతకాలూ పంపుతుంటే మీరు "చూద్దాం వదినా, వాడికిప్పుడు తీరిక లేదు" అంటూ నాలుగేళ్లు లాక్కొచ్చారు. ఎవరింటి ఆడపిల్లో, వాళ్ల అమ్మానాన్నలు ఎంత ఆశపడి ఆ జాతకం ఇచ్చుంటారో ఒకసారైనా అనుకున్నారా? మీవాడు గే కావడం తప్పు కాదండీ, ఇది మాత్రం తప్పు. నాకు ఈ భాగం చదివితే చాలా కోపం వచ్చింది.

తమ్ముడి చదువుకు పొలం అమ్ముకున్న అన్న రుణం చాలా పెద్దదని నమ్మే మనిషిని నేను. అలాంటి అన్నకు జన్మంతా తల వంచినా చాలదు. వంచితే మీ తల వంచాలి. ఆయన దగ్గర మీరు పడ్డ బాకీకి మీ కొడుకు బతుకును తాకట్టు పెట్టే హక్కు మీకెక్కడిది? పైగా ఆయనను మీరు గౌరవిస్తున్నాననుకుంటున్నారు, అంత చేసిన మనిషి ఒక నిజం తట్టుకోలేడని ఆయన తరఫున మీరే తేల్చేశారు. అది గౌరవం ఎలా అవుతుంది?

మీ ఆవిడ శనివారాలు గుడికని చెప్పి అబ్బాయి ఇంటికి కూర, పప్పు పట్టుకెళ్తోందని మీకు తెలుసని రాశారు. తెలిసీ తెలియనట్టు ఉంటున్నారు. ఆమె దొంగతనంగా తల్లి కావాల్సి వస్తోంది మీ వల్ల.

ఈ ఆదివారం అన్నయ్యకు ఫోన్ చేయండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం, మేనల్లుడితో చెప్పించడం వద్దు. కరపత్రం ఎవరో ఫార్వర్డ్ చేసి ఊరికి చేరకముందే మీ గొంతుతో ఆయన వినాలి. సంబంధాలు చూడొద్దని, ఇన్నాళ్లు దాచింది నేనేనని ముందు చెప్పండి. ఆయన అరుస్తారు, ఫోన్ పెట్టేస్తారు, పొలం సంగతి ఎత్తినా ఎత్తుతారు. పడండి. రెండ్రోజులాగి మళ్లీ చేయండి. జబ్బా అని అడిగితే, కాదని మన దేశంలో మానసిక వైద్యుల సంఘమే 2018లో చెప్పింది. నేరమా అంటే అదే ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు కాదంది. "ఇక్కడ అమెరికాలో ఇవన్నీ మామూలే అన్నయ్యా" అని మాత్రం అనొద్దు, అది ఆయనను పల్లెటూరివాడని తక్కువ చేసినట్టు ఉంటుంది. ఆయన ఒప్పుకోకపోవచ్చు కూడా. ఒప్పుకోకపోయినా మీరు చెప్పాల్సిందే.

అమ్మాయి పెళ్లి గురించి, ఆ పిల్లను అడిగారా? తన సొంత అన్న సంగతి దాచిపెట్టి చేసుకునే సంబంధం తనకు కావాలో అక్కర్లేదో తనే చెబుతుంది.

ఫోటోకు వెళ్లడం వెళ్లకపోవడం మీ ఇష్టం, నేను బలవంతపెట్టను. మీకింకా మనసు కుదరకపోతే మానేయండి. రానన్న మాట మాత్రం వాళ్లమ్మతో చెప్పించకుండా, అబ్బాయి ఇంటికి వెళ్లి మీరే చెప్పండి. నాలుగేళ్లలో ఆ గడప తొక్కలేదని రాశారు కదా.