నిషేధాన్ని హైకోర్టు కొట్టేసింది కదా, అజహర్‌పై ఆరోపణలు అబద్ధమని తేలినట్టేనా?

మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలపై భారత క్రికెట్ మాజీ కెప్టెన్ అజహరుద్దీన్‌కు క్రికెట్ బోర్డు (బీసీసీఐ) 2000లో వేసిన జీవితకాల నిషేధం చెల్లదన్న 2012 నాటి హైకోర్టు తీర్పుతో ఆయన నిర్దోషి అని తేలిపోయిందని మీరు, సాంకేతిక కారణాలతో బయటపడ్డారని మీ నాన్నగారు వాదించుకుంటున్నామని రాశారు. ఆ తీర్పు చెప్పని మాటను మీరిద్దరూ దానికి అంటగడుతున్నారని నాకనిపిస్తోంది.

నేను హైదరాబాద్‌లోనే ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. శాఖాపరమైన కేసుల్లో చాలాకాలం విచారణాధికారిగా ఉన్నాను. క్రిమినల్ కోర్టులో సందేహానికి తావులేని రుజువు కావాలి. శాఖాపరమైన విచారణకు అంత అవసరం లేదు, జరిగే ఉంటుందని నమ్మడానికి తగిన ఆధారం ఉంటే చాలు. రుజువు విషయంలో ఇంత వెసులుబాటు ఉంది కాబట్టే పద్ధతి విషయంలో రాజీ పనికిరాదు. ఆరోపణను రాతపూర్వకంగా ఇవ్వాలి, కాగితాల నకళ్లు ఇవ్వాలి, సాక్షిని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించనివ్వాలి. మా దగ్గరే ఒక క్యాషియర్ ఉద్యోగం పోయింది. ఏ వాంగ్మూలం ఆధారంగా తీసేశారో దాని నకలు ఆయనకు ఇవ్వలేదు. ఏళ్ల తర్వాత కోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. బకాయిలతో సహా తిరిగి వచ్చారు. డబ్బు ఆయన తీశారా లేదా అన్నది మాత్రం ఎప్పటికీ తేలలేదు. తీసి ఉండకపోతే ఆ మచ్చ ఆయన్ను జీవితాంతం వేధించింది, తీసి ఉంటే బ్యాంకు మోసపోయింది. ఇలాంటి ముగింపు ఎవరికీ న్యాయం కాదు.

2000లో జరిగింది గుర్తు చేసుకోండి. ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రోన్యే ఒక బుకీతో (పందేలు కాయించే వ్యక్తితో) జరిపిన ఫోన్ సంభాషణలు బయటపెట్టారు. సీబీఐ నివేదిక నవంబరు 1న వచ్చింది. మ్యాచ్‌లు ఫిక్స్ చేసినట్టు అజహర్ తమ ముందు ఒప్పుకున్నారని అందులో రాశారు. తాను ఏ తప్పూ చేయలేదని ఆయన అంటూనే వచ్చారు. క్రిమినల్ కేసు నిలవడం కష్టమని చెప్పింది కూడా ఆ సీబీఐయే. ఆ నివేదిక ఆధారంగా బోర్డు తరఫున సీబీఐ మాజీ అధికారి కె. మాధవన్ విచారించి నివేదిక ఇచ్చారు. డిసెంబరు 5న అజహర్‌కూ మరో ఆటగాడు అజయ్ శర్మకూ జీవితకాల నిషేధం, అజయ్ జడేజాకూ మనోజ్ ప్రభాకర్‌కూ అయిదేళ్ల నిషేధం పడ్డాయి. నెల రోజులు కాస్త దాటాయంతే! ఒక మనిషి జీవితాన్ని తేల్చడానికి అది సరిపోతుందా? ఆ మార్చిలోనే బెంగళూరులో సెంచరీ కొట్టిన ఆయన లెక్క 99 టెస్టుల దగ్గర ఆగిపోయింది. మణికట్టు తిప్పి ఆడే ఆ ఆటను చూస్తూ పెరిగిన ఊరు మనది, ఆ వార్త చదివిన రోజు నాకు నోట మాట రాలేదు.

హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో ఆయన ఓడిపోయారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబరులో నిషేధం చట్టప్రకారం చెల్లదంది. కోర్టు ముందున్న ప్రశ్న బోర్డు చర్య నిలుస్తుందా లేదా అన్నదే. ఫలానా మ్యాచ్‌లో ఏం జరిగిందో మొదటి నుంచి తవ్వి తీయడం ఆ కోర్టు పని కాదు.

దక్షిణాఫ్రికాలో అదే ఏడాది జస్టిస్ ఎడ్విన్ కింగ్ కమిషన్ కేప్‌టౌన్‌లో బహిరంగంగా విచారణ జరిపింది. నాగపూర్ వన్డేలో 20 పరుగుల లోపే ఔటైతే 15,000 డాలర్లు వస్తాయని క్రోన్యే తనకు చెప్పారని ఆ జట్టు బ్యాట్స్‌మన్ హెర్షెల్ గిబ్స్ సాక్ష్యం చెప్పారు. ఆ మ్యాచ్‌లో ఆయన 74 కొట్టారు. ఎవరు ఏమన్నారో జనం విన్నారు. మనకు ఆ అవకాశం దక్కలేదు, నా బాధంతా అదే.

మీ నాన్నగారికి ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్‌లో (మ్యాచ్‌లో కొంత భాగాన్ని ముందే కుదుర్చుకోవడంలో) ఇరుక్కున్న బౌలర్ శ్రీశాంత్ కేసు కూడా చెప్పండి. 2015లో ఢిల్లీ కోర్టు ఆయన్ను కేసు నుంచి తప్పించినా బోర్డు నిషేధం ఎత్తేయలేదు. 2019లో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసు పోయినంత మాత్రాన బోర్డు క్రమశిక్షణ చర్య పోదంది, కానీ జీవితకాల శిక్ష ఎక్కువేమో మళ్లీ చూడమంది. చివరికి అది ఏడేళ్లయింది. కోర్టు తీర్పు, బోర్డు తీర్పు వేర్వేరు దారుల్లో నడుస్తాయి, ఒకదాన్ని చూపించి రెండోదాన్ని తేల్చలేం.

పైగా మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరంగా పేర్కొనే ప్రత్యేక కేంద్ర చట్టం అప్పట్లో లేదు. భారత శిక్షాస్మృతిలోని మోసం సెక్షన్ 420 కింద ఇది రాదని 2022 జనవరిలో కర్ణాటక హైకోర్టు చెప్పింది. అంటే ఆటగాడి తప్పొప్పులు తేల్చే బరువు చాలావరకు బోర్డు విచారణ మీదే పడుతుంది. అది పద్ధతిగా జరగకపోతే, దాన్ని సరిదిద్దే మరో చోటు అభిమానికీ లేదు, ఆటగాడికీ లేదు.